కుడిపక్క గడి

పుంగనూరు పేజీ ముగించి శాలేము రాజు కుప్పం పేజీ తెరిచాడు. మదనపల్లె మిషను ఆసుపత్రి ఆఫీసుకు రోజూ అందరికంటే ముందు వచ్చేది అతనే. ఒక్కో శాఖకు కంప్యూటర్లో ఒక పేజీ; అందులో ఏ డాక్టరు ఏ ఊరికి వెళ్తున్నాడో రాసి, కుడిపక్కనున్న చిన్న గడిలో ఆనాడు ప్రార్థించవలసిన పేరు పెడతాడు. పుంగనూరు, కుప్పం శాఖల్లో నర్సులు సెల్లులో పేజీ చూసి పొద్దుటి ప్రార్థనలో ఆ పేరు చదువుతారు. టైపు మిషను మీద కొట్టి బస్సులో పంపిన కాలం నుంచీ ఆ పని అతనిదే.

ఆ రోజు రెండు పేజీల్లోనూ గడిలో యేసమ్మ పేరే. కుప్పంలో ఆయాగా పనిచేస్తూ, ప్రార్థనకు చేతిగంట కొట్టిన మనిషి. ఇప్పుడు ఈ ఆసుపత్రిలోనే, ఆడవాళ్ళ వార్డులో ఊపిరాడక అవస్థ పడుతోంది. "కుప్పంలో నా పేరు సదివించప్పా," అని ముందురోజు అడిగింది. ఆమె అడిగింది అంతే. శాలేము రాజు కుర్రటైపిస్టుగా కుప్పంలో జ్వరంతో పడి ఉన్నప్పుడు గంజి పోసిందీ, గంట కొట్టి అందరినీ పిలిచి అతని పేరు మొదట చెప్పిందీ ఆమే.

పేజీలన్నీ క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లోకి, మార్చాక తెరిచిన ప్రతిదీ ఒకే మాట అడుగుతోంది: పేజీ రాసే పాత ఎడిటర్‌లోనే ఉంచాలా, కొత్తదానికి మార్చాలా? "మీ ఇష్టం సార్. పాతది కూడా ఇంకొన్నాళ్ళు పనిచేస్తాది. కొత్తదానికి మారిస్తే మాత్రం మళ్ళా ఎనక్కి రాదు," అని కంప్యూటర్లు చూసే నరేంద్ర చెప్పాడు. పుంగనూరు పేజీని పాతదాంట్లోనే వదిలేశాడు. కుప్పం పేజీ దగ్గర చేయి ఆగింది.

నిన్న టీ దగ్గర, ఓపీ చీటీలు రాసే సోఫియా "పాత ఎడిటర్ వస్తాండాడు, జరగండి," అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారే, అదీ సంగతి. కొత్తది నొక్కాడు.

పేజీ తెల్లగా, శుభ్రంగా వచ్చింది. గడి మాత్రం పక్కన లేదు. డాక్టర్ల పట్టికంతా దాటి అడుగున పడింది. చూశాడు. చూడలేదనడానికి లేదు. వేలితో పైకి జరిపితే కనబడుతుందిలే, ఆ మాత్రం తెలియదా వాళ్ళకు అనుకున్నాడు. ఒక్క ఫోను చేసి చెబితే పోయేది. కొత్తది చేతగాక ఫోను చేశాడంటారని చేయలేదు.

ప్రార్థన కాగానే, యేసమ్మ పేరు చదివామని పుంగనూరు నుంచి మెసేజ్ వచ్చింది. కుప్పం నుంచి ఏమీ రాలేదు. వాళ్ళూ చదివే ఉంటారని మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాడు. యేసమ్మ దిండుకు ఆనుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"కుప్పంలో సదివినారాప్పా?"

"సదివింటారమ్మా."

"సదివింటారు కాదు. సదివినారా?"

"సదివినారు."

ఆమె ముఖం తేటపడింది. మంచం కిందినుంచి సంచి తీయించింది. లోపల ఇత్తడి చేతిగంట. కుప్పంలో కరెంటు గంట పెట్టినప్పుడు దాన్ని ఆమెకే ఇచ్చేశారు. బస్సులో మోగకుండా నాలుకకు గుడ్డ చుట్టి తెచ్చుకుంది. "దీన్ని ఆడికే పంపీప్పా. నన్ను మర్సిపోలేదు గదా వాళ్ళు," అంది.

దీపాలు వేసే వేళకు యేసమ్మ పోయింది. వార్డు నర్సు తబిత వచ్చి చెప్పింది. శాలేము రాజు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత కుప్పం నర్సు శాంతకుమారికి ఫోను చేసి కబురు చెప్పాడు.

"అయ్యో, ఆయమ్మకు బాగలేదని మాకు తెలీనే తెలీదే అన్నా. తెలిసింటే అందరం ప్రార్థన చేసుంటిమి గదా."

"గడిలో పెట్టినా కదమ్మా."

"గడి యాడుంది? ఈ పొద్దు గడే లేదే." సెల్లులో పేజీ పైకి జరిపి చూసినట్టుంది. "ఆ... అడుగున ఉండాది," అంది గొంతు తగ్గించి.

పుంగనూరులో యేసమ్మ ముఖం ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళు చదివారు. నలభై ఏళ్ళు ఆమె గంటకు లేచి వచ్చిన ఊరు చదవలేదు.

శాలేము రాజుకు ఏడుపు రాలేదు. తన మీద తనకే రోత పుట్టింది. పాతవాడని వాళ్ళు అంటే ఏం పోయేది? ఉన్నమాటేగా. పేజీ తెరిచి పాతదానికి తిప్పే దారి వెతికాడు. లేదు. పోయినవాళ్ళ పేరు గడిలోంచి తీసేయడం పద్ధతి. తీయబోయి, మనసు రాక, కంప్యూటరు ఆపేసి ఇంటికి బయలుదేరాడు.

ఆఫీసు బల్ల మీద, మధ్యాహ్నం వార్డునుంచి తెచ్చి పెట్టిన ఇత్తడి గంట ఉంది, నాలుకకు చుట్టిన గుడ్డ అట్లాగే ఉంది.