మొద్దు చెయ్యి

గ్లాసు మళ్ళీ జారింది. "చేతులా, కొయ్యలా?" అన్నాడు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే. ఈ ఏడాది నా చేతిలోంచి జారని వస్తువు లేదు. మూతలు, గరిటెలు, ఓసారి పాలగిన్నె. "మనసు ఇక్కడుంటేగా!" అనేది అత్తయ్య. నిజమే కాబోలనుకునేదాన్ని. చీకటితో లేచి వండి, బట్టలుతికి, కుట్టుమిషన్ల షెడ్డుకి పరిగెత్తే మనిషికి మనసెక్కడుంటుందో నాకు మాత్రం ఏం తెలుసు? మోచేతి పైన పాలిపోయిన మచ్చ సంగతి ఆయనకి చెప్పకపోలేదు. "ఎవడు చూడొచ్చాడు, పొడుగు చేతుల జాకెట్టు వేసుకో," అన్నాడు. వేసుకున్నాను. దురదా లేదు, నొప్పీ లేదు. నొప్పి ఉన్నవాటికే తీరిక లేదు, ఇక లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

షెడ్డులో పక్క మిషనావిడ కెవ్వుమంది. "అక్కా, నీ వేలు!" చూస్తే సూది నా చిటికెనవేల్లో దిగి ఉంది. తెల్లగుడ్డంతా నెత్తురు. నాకేమీ తెలియనేలేదు. గుడ్డ పాడైందని సూపర్‌వైజరు అరుస్తుంటే, ఆవిడ నా రెక్క పట్టుకుని తిన్నగా ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ కళ్ళు మూసుకోమంది. "ఎక్కడ ముట్టుకున్నానో చెప్పండి." ఎప్పుడు ముట్టుకుంటుందా అని కాచుకుని కూర్చున్నాను. "ముట్టుకోవడం అయిపోయిందమ్మా," అంది మెల్లగా. మోచేతి వెనక నరం తాడులా ఉబ్బిందట. కుష్టు అంది. "భయపడకండి, మందుంది. వేళ్ళు వంకరపోవడం, పుండ్లు పడటం ఎక్కువగా ఆలస్యం చేసినవాళ్ళకే. మీ నరం ఇంకా బతికే ఉంది, బలం తిరిగొస్తుందనే నా నమ్మకం. వేడివీ, పదునైనవీ చూసి ముట్టుకోండి. ఇంట్లోవాళ్ళందర్నీ పరీక్షకి తీసుకురండి."

ఏడుపొస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. ఏడాదిగా వాళ్ళతో కలిసి నన్ను నేనే తిట్టుకున్నాను కదా! నేను మొద్దుని కాదు, పరధ్యానం మనిషినీ కాదు. జబ్బు. మందున్న జబ్బు.

ఇంట్లో పేరు దాచకుండా చెప్పాను. ఆయన ముందు వీధి తలుపు మూశాడు. "ఎలర్జీ అని చెబుదాం. పరీక్షలంటూ అందరం ఊరేగుతామా?" అత్తయ్య నా వెనకే వంటింట్లోకొచ్చి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పాదం చూపించింది. మడమ మీద లోతైన పుండు.

"నొప్పుండదే. మీ మావయ్య ఉన్నప్పట్నుంచీ మానలేదు. ఎవరితో చెప్పమంటావు?"

ఆ పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. "నాతో చెప్పారుగా అత్తయ్యా." ఆవిడ గోడకి చేరబడి, ఎన్నేళ్ళదో ఒక ఊపిరి వదిలింది.

"టీ ఏదీ?" అని ముందుగదిలోంచి కేక.

"పెట్టుకోండి," అన్నాను. "రేపు వంటా మీరే చూసుకోండి. అత్తయ్యా నేనూ ఆస్పత్రికి వెళ్తున్నాం. ఎల్లుండి మీ వంతు."