బగకయ్ గూడెం గురించి నాలుగు వాక్యాలు

మా మతుగ్నావ్ మున్సిపాలిటీకి ఒక పుస్తకం ఉంది. నీలం అట్ట, నూట పన్నెండు పేజీలు. ముందు చరిత్ర, తరువాత ఎల్లలు, కొండలు, ఏరు, ఇరవై రెండు గ్రామాల జాబితా, చివర మడత పెట్టిన పటం. పండగకు వచ్చే ముఖ్య అతిథి ప్రసంగం అందులోంచే వస్తుంది. బడిపిల్లలు అందులోంచే ఎత్తి రాస్తారు. ఎక్కడ ఏం కట్టాలో తేల్చుకోవడానికి ఇంజనీర్లు కూడా ముందు ఆ పటమే విప్పుతారు. మూడేళ్లకోసారి దాన్ని సరిచూసి మళ్లీ అచ్చు వేస్తారు. కిందటిసారి ఎగువ గ్రామాలను సరిచూసింది నేనే.

బగకయ్ గూడెం గురించి అందులో నాలుగు వాక్యాలున్నాయి. 'ఏటికి ఆవలి గట్టున, కొండ నెత్తి మీద ఉన్న గూడెం ఇది. స్పానిష్‌వాళ్ల కాలంలో పన్నులకు జడిసి తీరం వదిలి పైకి వెళ్లిన కుటుంబాలు దీన్ని కట్టుకున్నాయి. ఇళ్లు పద్నాలుగు, అందరూ అరటిని పోలిన అబాకా చెట్ల నార తీసి బతుకుతారు. తెల్లవారుజామున ఇక్కడి నుంచి చూస్తే సముద్రం వెండి గీతలా కనిపిస్తుంది.'

మొదటి మూడూ పాత పుస్తకంలోవి. నాలుగోది నా సొంతం. నేను ఆ కొండ ఎక్కలేదు.

ఎక్కకపోవడానికి పెద్ద కారణం కూడా లేదు. వాన పడుతోంది. ఏటి పొడవునా ఉన్న గ్రామాల్లో చివరిదానికి చేరేసరికే నా చెప్పు తెగింది. అక్కడి నుంచి బగకయ్‌కి మూడున్నర గంటల నడక, దారంతా జలగలు, ఆ తరువాత ఏరు దాటాలి. గ్రామపెద్ద కాప్ నెస్తోర్ తన వసారాలో కూర్చోబెట్టి, ప్యాకెట్ కాఫీ కలిపి, ఉడికించిన చిలగడదుంపలు ముందు పెట్టాడు.

"ఏం మారిందని ఇందయ్, అంత దూరం పోతావు? కొండ ఎక్కడికైనా లేచిపోయిందా?" అన్నాడు. మా వైపు పెద్దవాళ్లు ఏ ఆడపిల్లనైనా ఇందయ్ అనే పిలుస్తారు.

"ఇళ్ల లెక్క రాయాలి కాప్."

"పద్నాలుగు. ఎప్పుడూ పద్నాలుగే. ఒకడు పోతే ఒకడు పుడతాడు. కొందరు కిందికి దిగినట్టున్నారులే, నార తీతకి. రాసెయ్, నేను సంతకం పెడతా."

కొందరు కిందికి దిగినట్టున్నారు అన్న మాట నా చెవిన పడింది. బాగా పడింది. ఎక్కడికి, ఎందుకు అని అడగాలని కూడా తెలుసు. అడిగితే వెళ్లాల్సి వస్తుంది. చినుకులు వసారా చూరు మీద చప్పుడు చేస్తుంటే నేను పాత పుస్తకం చూసి పటం మీద కొండ నెత్తిన పద్నాలుగు చుక్కలు పెట్టాను. నా పని మీద నాకే కాస్త నామోషీ అనిపించి, దాన్ని కప్పిపుచ్చడానికి ఆ సముద్రం వాక్యం రాశాను. పండగరోజు మేయరు ఏరి ఏరి ఆ వాక్యాన్నే మైకులో చదివారు. పక్కన కూర్చున్న మనా థెల్మా మోచేత్తో నన్ను పొడిచింది. ఆమె మా ప్రణాళిక విభాగంలో పెద్ద, అందరికీ మనా, అంటే అక్క. నేను తల దించుకుంటే సిగ్గనుకుంది.

మరుసటి ఏడు బగకయ్‌కి వేలాడే వంతెన మంజూరైంది.

మార్చిలో ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మా ఆఫీసుకు వచ్చారు. ఒక ముసలావిడ, ఆమె కొడుకు. కొడుకు చేతిలో కాళ్లు కట్టిన కోడిపెట్ట తలకిందులుగా వేలాడుతోంది. భుజాన అరటిగెల. ముసలావిడ గది మధ్యలో నిలబడి ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"మా గురించి పుస్తకంలో రాసిన అమ్మాయి ఎవరు?"

అందరూ నా వైపు చూశారు. ఆమె పేరు బిదాయ్ అని, బగకయ్‌లో అందరికన్నా పెద్దదని, అందరూ అపోయ్ బిదాయ్, అంటే బిదాయ్ అవ్వ, అంటారని ఆ కొడుకు బెర్టింగ్ చెప్పాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వు రాయబట్టే వంతెన వచ్చిందట ఇందయ్. కాప్ చెప్పాడు. అంత దూరం నడిచి వచ్చావటగా. ఆ రోజు మేమంతా నారకి పోయుంటాం. మనిషి ఇంటికొస్తే మంచినీళ్లిచ్చే దిక్కు లేకపోయింది. ఎవరింట్లో కూర్చున్నావు?"

గదిలో అందరూ వింటున్నారు.

"చివరింట్లో," అన్నాను.

"అయ్యో, కూలాస్ ఇల్లా. వాడి పెళ్లాం పిసినారిది. ఏం పెట్టింది?"

"చేమదుంప."

"ఉప్పేసిందా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ముఖం నాకు చూసుకోబుద్ధి కాదు.

అవ్వ కుర్చీలో కూర్చుని వంతెన గురించి చెప్పుకుపోయింది. వానాకాలం నాలుగు నెలలు గూడెం పిల్లలు తొమ్మిదిమంది బడికి రావడం లేదట. తనకు మోకాళ్లు వంగవు కాబట్టి బెర్టింగ్ భుజాలెక్కి ఏరు దాటుతోందట. "ఈ వయసులో నాకు ఊరేగింపు," అంది. "ఇక మీదట అదేం ఉండదు. ఏటి మలుపులో మా గుమ్మం దిగితే వంతెనే."

"ఏటి మలుపులోనా?" అన్నాను.

"మరి? రెండేళ్ల కిందట కొండ విరిగి ఊట ఎండిపోయింది కదా. మలుపు దగ్గరికి దిగాం. నువ్వు చూశావుగా."

వాళ్లు వెళ్లాక నేను పటం విప్పాను. వంతెన గుర్తు నా పద్నాలుగు చుక్కల కింద, కొండ దారి మొదట్లో ఉంది. ఏటి మలుపు అక్కడికి గంట నడక దిగువన. మధ్యలో ఆవలి గట్టంతా నీళ్లలోకి నిలువుగా దిగిన బండ. మలుపులో ఉన్నవాళ్లు ఆ వంతెన చేరాలంటే ముందు ఏరు దాటి ఈవలికి రావాలి. దాటడానికే కదా వంతెన.

మధ్యాహ్నం మనా థెల్మాకు చెప్పాను. ఆమె వింటూనే వాళ్లిచ్చిన కోడి కాళ్ల కట్టు విప్పి బుట్ట కింద పెట్టింది.

"నువ్వు వెళ్లలేదా? నేనూ వెళ్లలేదు, పదేళ్ల కిందట. నాకు ముందున్నాయనా వెళ్లలేదు. అందరం ఎవరో ఒకరి వసారాలో కాఫీ తాగే రాశాం."

"వాళ్లు దిగి వచ్చేశారు మనా."

"జూన్‌లో నీ ఉద్యోగం ఆర్డరు మళ్లీ రావాలి. ఆరు నెలలకోసారి ఆ కాగితం కోసం నువ్వు పడే పాట్లు నేను చూడ్డంలేదా? జూన్ దాటనియ్. అప్పుడు చెబుదువుగాని. ఇక్కడ గునపం నేలకి తగలడానికే ఆర్నెల్లు పడుతుంది."

ఆమె మాట నాకు తీపిగా తగిలింది. మూడు వారాలు ఊరుకున్నాను. ఆ కోడిని మనా థెల్మా అల్లం వేసి వండి తెచ్చింది, అందరం తిన్నాం. ఏప్రిల్ మొదటి శనివారం, వంతెన పని ఎంతవరకు వచ్చిందని ఎవరో అడిగితే, ఆవలి గట్టున ఒక స్తంభం పోసేశారని డ్రైవర్ చెప్పాడు. అప్పుడు నేను ఆఫీసులోంచి లేచి చివరి గ్రామానికి పోయే జీపెక్కాను.

ఒంటరిగానే నడిచాను. ఎండ కాస్తోంది, దారి పొడిగా ఉంది. కాప్ వసారాలో కూర్చుని నేను అంతగా భయపడిన దారి ఇదేనా అనిపించింది. రెండు గంటలు పట్టిందంతే.

ఏటి మలుపు ఇంకా కంటపడకముందే కేకలు వినిపించాయి. మలుపు చేరేసరికి మగవాళ్లు ఇరవైమంది దాకా ఒక ఇంటిని మోసుకుని ఏరు దాటి ఈవలి గట్టు మీదికి ఎక్కుతున్నారు. వెదురు గోడలు, నీపా ఆకుల కప్పు, కింద అడ్డంగా కట్టిన బొంగులు, ఆ బొంగుల కింద భుజాలు. కిటికీలో ఒక పిల్లి కూర్చుని ఉంది. వెనక ఆడవాళ్లు కుండలూ చాపలూ మోస్తున్నారు.

"తప్పుకో ఇందయ్," అన్నాడు ముందున్నవాడు రొప్పుతూ. "మా ఇంటికి నువ్వు రానక్కర్లేదు, ఇల్లే నీ మీదికి వచ్చేస్తోంది."

బెర్టింగ్ నన్ను గుర్తుపట్టాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగాను.

"కొండ మీదికి. వంతెన అక్కడ కదా కడుతున్నారు. కాప్‌ని అడిగితే ప్లాన్ పైనుంచి వచ్చింది, మారదు, కావాలంటే మీరే మారండి అన్నాడు. అందరం ఒక మాట అనుకుని ఇళ్లు లేపుతున్నాం. నిన్న మొదట మాది తీశాం. పైన ఏరు దాటేటప్పుడు కాళ్లు జారాయి. ఇల్లు నీళ్లలో పడవలాగా పోయింది. నా పెళ్లాం గట్టు మీద నిలబడి టాటా చెప్పింది."

మోస్తున్నవాళ్లు నవ్వారు. ఇల్లు కూడా కొంచెం ఊగింది.

"పైన నీళ్లు లేవుగా," అన్నాను.

"వెదురు గొట్టాలతో మోసుకుంటాం. పిల్లలు బడికి పోతే చాలు." ఆ మాట అన్నది అపోయ్ బిదాయ్. వెనక నుంచి కర్ర పట్టుకుని వచ్చింది. "అక్కడ రాయి గట్టిదై ఉంటుంది ఇందయ్. మీరంతా చదువుకున్నవాళ్లు, చూసే కదా అక్కడ పెట్టారు."

"దించండి," అన్నాను.

ఎవరికీ వినిపించలేదు. నా గొంతు ఎప్పుడూ అంతే. అవ్వకు వినిపించింది. నా ముఖంలోకి చూసి కర్ర పైకెత్తింది. వాళ్లు ఇంటిని మెల్లగా నేల మీద దించి, భుజాలు రుద్దుకుంటూ చుట్టూ నిలబడ్డారు.

"అక్కడ రాయి చూసి పెట్టలేదు అపోయ్. నేను చుక్కలు పెట్టిన చోటు చూసి పెట్టారు. నేను ఇక్కడికి రాలేదు. ఇదే మొదటిసారి రావడం. కాప్ ఇంట్లో కూర్చుని పాత పుస్తకం చూసి రాశాను."

వెనక నుంచి ఒక ఆడమనిషి, కూలాస్ పెళ్లాం కాబోలు, అంది, "అయితే నేను చేమదుంప పెట్టానని ఊరంతా నన్ను ఎగతాళి చేసింది." ఎవరూ నవ్వలేదు.

బెర్టింగ్ ఒక బొంగు మీద కూర్చున్నాడు. నన్ను తిడతాడని చూశాను, తిట్టలేదు. అరచేతులు చూసుకుంటూ, "ఆ ఇల్లు కట్టడానికి రెండు వేసవులు పట్టింది," అన్నాడు.

"ఈ సంగతి ఇంజనీరుకి చెప్పావా?" అంది అవ్వ.

"లేదు."

"మా దగ్గర చెప్పడం తేలికని ముందు ఇక్కడికొచ్చావా?"

ఆమె అన్నది నిజం.

సోమవారం ఆమె బెర్టింగ్ భుజాలెక్కి ఏరు దాటి, రెండున్నర గంటలు నడిచి, జీపెక్కి మున్సిపల్ హాలుకు వచ్చింది. ఇంజనీరు ఎదుట నా పక్కన నిలబడింది. నేను మొత్తం చెప్పాను. మనా థెల్మా గుమ్మం దగ్గర నిలబడి ఫైలు చూస్తున్నట్టు నటించింది. ఇంజనీరు విసుగ్గా కళ్లజోడు తీశాడు.

"ఆ ఇళ్ల లెక్క షీటు మీద సంతకం ఎవరిది?"

"నాదీ, కాప్‌దీ."

"ఒక స్తంభం పోసేశాం. దాన్ని పీకి నీ తల మీద పెట్టలేను కదా. తాళ్లు ఇంకా బిగించలేదు, అదొక్కటే అదృష్టం. చోటు మార్చాలంటే ప్రావిన్సుకి రాయాలి, మళ్లీ కొలవాలి. ఈ వానలకు మాత్రం కాదు." తరువాత అవ్వ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "వచ్చే ఎండాకాలం అపోయ్. నాకు మలుపు దగ్గర ఇళ్ల లెక్క కొత్తగా కావాలి. ఈ అమ్మాయే పోతుంది, తన కాళ్లతో."

"పిల్లలకి ఇంకో ఏడాది," అంది అవ్వ. కర్ర తీసుకుని బయటికి నడిచింది.

ఆ వారమే నేను షీట్లు తీసుకుని మలుపుకి వెళ్లాను. నడుము లోతు నీళ్లలో, తాడు పట్టుకుని దాటాను. ఇల్లిల్లూ తిరిగి కుటుంబాల పేర్లు రాసుకున్నాను. అడిగినదానికి అందరూ చెప్పారు, అడగనిది ఎవరూ చెప్పలేదు. ఆఖరున అవ్వ ఇంటి మెట్టు మీద కూర్చుని అన్నీ కలిపి రాశాను. గూడెం ఎక్కడ ఉంది, ఎప్పుడు దిగింది, ఎందుకు దిగింది, బండ ఎటు, ఏరు ఎటు. ఆమె పక్కనే కత్తికింద అబాకా పేలికలు లాగుతోంది. నార తెల్లగా బయటికి వస్తోంది.

నేను కాగితాలు సర్దుతుంటే ఆమె చెయ్యి ఆగింది.

"చదువు," అంది.

"అపోయ్?"

"ఏం రాశావో చదువు. అందరూ వినేటట్టు."

ఒక్కొక్కరే వచ్చి మెట్ల కింద నిలబడ్డారు. బెర్టింగ్, అతని భార్య, ఇల్లు పోయాక వాళ్లు తలదాచుకుంటున్న పొరుగింటివాళ్లు. నేను గొంతు పెంచి చదివాను. ఒక్కో వాక్యం అయ్యాక ఆగి వాళ్ల ముఖాలు చూశాను. వాళ్లు తలలూపితే తరువాతది చదివాను. మూడో వాక్యం దగ్గర అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"పద్నాలుగు ఎలా అవుతాయి? లెక్కపెట్టు."

గొడవేమీ లేని గొంతుతో అంది. నేను లేచి నిలబడి, వేలు చూపిస్తూ, వాళ్లందరి ముందూ ఒక చివర నుంచి రెండో చివర దాకా లెక్కపెట్టాను. బెర్టింగ్ ఇల్లుండిన చోట ఖాళీ నేలే ఉంది. మళ్లీ కూర్చుని, పద్నాలుగు కొట్టేసి, పదమూడు అని రాశాను.