చిన్న తాత తుడిచిన మొక్క

…కాదమ్మా మనవరాలా, ఆ మొక్కని పగబట్టి ఎవరూ కాల్చలేదు. మీ చిన్న తాతే, నా తమ్ముడే కాల్చాడు. అదీ ప్రేమతో. నవ్వకు, రాసుకో. మొదటి నుంచి చెప్తాను. మధ్యలో అడ్డం రాకు, నాకు వరస తప్పుతుంది.

చిన్న తాత ముప్పై ఎనిమిదేళ్లుగా ఇస్త్రీ చేస్తున్నాడు. పైన ఇల్లు, కింద షాపు, మధ్యలో పదకొండు మెట్లు. షాపంటే ఒక పొడవాటి బల్ల, రెండు బరువైన కరెంటు ఇస్త్రీ పెట్టెలు, గోడ పొడుగునా హ్యాంగర్లు. కొడుకు లారీ మీద దూరాలు తిరుగుతాడు, ఎప్పుడో చుట్టంలా వచ్చిపోతాడు. ఇంట్లో ఉండేది చిన్న తాత, కోడలు, తొమ్మిది నెలల పిల్ల.

కోడలిది కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. పిల్ల పుట్టాక ఆపేసింది, మళ్లీ చేరాలి. మరి పిల్లని ఎవరు చూడాలి?

"నేను లేనా అమ్మా? షాపులో బల్ల పక్కనే ఊయల వేస్తాను. ఒక కన్ను బట్ట మీద, ఒక కన్ను పిల్ల మీద," అన్నాడు చిన్న తాత.

కోడలు ఇస్త్రీ పెట్టెల వంక చూసింది. ఆయన ముంజేతుల మీద పాత కాలిన మచ్చల వంక చూసింది. ఔననలేదు, కాదనలేదు. వీధి చివర బేబీ కేర్ సెంటర్ ఉందట, ఒకసారి చూసొస్తానంది, అంతే. ఆ మాట ఆయన గొంతులో వెలక్కాయలా పడింది. పిల్లని తనకి వదలదేమో అని అప్పుడే మొదలైంది బెంగ.

ఇంతలో ఆమెని కళ్లజోళ్ల షాపు వాళ్లు నెల రోజుల శిక్షణకి వేరే ఊరు పంపించారు. పిల్లని, తోడుకి తన తల్లిని తీసుకుని బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ కిటికీ గూట్లో ఉన్న కుండీ చూపించింది. మందపాటి ఆకుల మొక్క. ఆకులన్నీ గుండ్రంగా పువ్వులా పేర్చినట్టుంటాయి, బూడిద కలిసిన లేతాకుపచ్చ. ఆమె మొదటి జీతంతో కొనుక్కున్నది.

"మామయ్యా, ఇది ఇక్కడే ఉండనివ్వండి. పదిరోజులకోసారి గ్లాసు నీళ్లు, అంతే. దీన్ని జాగ్రత్తగా చూసుకుంటే వచ్చాక పిల్ల సంగతి మాట్లాడుకుందాం," అని నవ్వింది.

ఆమె నవ్వులాటకి అంది. ఆయన పరీక్ష అనుకున్నాడు. పరీక్ష అనుకున్నవాడు ఊరికే కూర్చుంటాడా?

మర్నాడే దగ్గరికెళ్లి చూశాడు. ఆకుల మీదంతా తెల్లగా ఏదో పొడి. 'అయ్యో, ఎంత దుమ్ము పట్టింది! పాపం, పిల్లతో తీరిక లేదు కదా' అనుకున్నాడు. మెత్తటి గుడ్డ తడిపి, ఒక్కో ఆకు కింద వేలు పెట్టి, కాలరు తుడిచినంత ఓపిగ్గా తుడిచాడు. మొక్క తళతళలాడింది. ఆయన మనసు నిండిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. కిటికీలో వెలుతురు చాలదనిపించి, తీసుకెళ్లి డాబా మీద నడినెత్తి ఎండలో పెట్టాడు. మూడు రోజులు.

నాలుగో రోజు చూస్తే పై ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. ఆ రంగు ఆయనకి కొత్త కాదు. ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం మర్చిపోతే చొక్కా వీపున పడేది అదే రంగు.

దానికి మందు తన చేతిలోనే ఉంది కదా అనుకున్నాడు. తెల్ల నూలు చొక్కా మీద పైపైన మాడిన మచ్చ పడితే ఇస్త్రీ వాళ్లు ఏం చేస్తారో తెలుసా? తడి గుడ్డతో అద్ది, తడి మీదే ఎండలో పరుస్తారు. ఎండే ఆ మచ్చని తినేస్తుంది. అలా ఎన్ని చొక్కాల పరువు కాపాడాడో ఆయనకే లెక్కలేదు. మొక్కకీ అదే వైద్యం చేశాడు. తడి గుడ్డతో రుద్దాడు, మళ్లీ ఎండలో పెట్టాడు.

సాయంత్రం పైకెళ్లేసరికి మచ్చలు పోలేదు సరికదా, పక్క ఆకులకీ పాకాయి. రెండు ఆకులు ఉడికినట్టు మెత్తబడ్డాయి. ఒకటి ముట్టుకోగానే ఊడి అరచేతిలో పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, ఆయనకి ఆకులు కాలాక ఏం పట్టుకోవాలో తెలీలేదు. మెట్ల మీదే కూలబడ్డాడు. మొక్కనే కాల్చినవాడికి పసిగుడ్డుని ఎవరిస్తారు?

అప్పుడే ఫోను. కోడలు. వీడియో.

"మామయ్యా, ఇదిగో మీ మనవరాలు! మొక్క ఎలా ఉంది? చూపించండి."

"బాగుందమ్మా, బాగుంది," అంటూ ఫోను గోడకేసి తిప్పాడు.

"గోడ కనిపిస్తోంది మామయ్యా."

"ఈ ఫోనుకి కళ్లు కనపడవమ్మా. నువ్వొచ్చాక మంచి జోడు పెట్టిద్దాం," అని కట్ చేశాడు. ఆ ఇంట్లో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

మర్నాడు షాపు తెరవకుండా కుండీ గుండెలకి హత్తుకుని బజారు చివర మొక్కలమ్మే ఆవిడ దగ్గరికి పోయాడు. ఆవిడ నోరు పెద్దది, చెయ్యి మంచిది.

"ఏం చేశావయ్యా దీన్ని? పెనం మీద పెట్టావా?"

"ఎండలో పెట్టానమ్మా."

"ఉత్త ఎండకి ఇంత మాడదే. దీని పొడి ఏది?"

"ఏ పొడి?"

"ఆకుల మీద తెల్లగా ఉంటుంది చూడు."

"దుమ్మనుకుని తుడిచాను."

ఆవిడ చేతిలో నీళ్ల డబ్బా కింద పెట్టేసింది. "దుమ్మా! అది దాని చొక్కా అయ్యా! ఎండకి అడ్డమని అదే తొడుక్కుంటుంది. బాగుంది నీ సంబడం, చొక్కా విప్పి మిట్టమధ్యాహ్నం నిలబెట్టావు!"

"మచ్చ పోతుందని… మళ్లీ తడిగుడ్డతో రుద్ది, మళ్లీ ఎండలో పెట్టాను," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఎవడు చెప్పాడు నీకీ వైద్యం?"

"తెల్ల చొక్కాలకి మేం అలాగే చేస్తాం."

ఆవిడ పగలబడి నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. "చొక్కా మచ్చ పోతుంది. దీని మచ్చ పోదు. కాలిన ఆకు ఇక కాలిన ఆకే. మధ్యలోంచి కొత్తవి రావాలి."

"ఎన్నాళ్లకి? ఇరవై నాలుగు రోజుల్లో వస్తాయా?"

"ఏం, దానికి పెళ్లి ముహూర్తం పెట్టించావా? దాని ఇష్టం."

"ఏం చెయ్యమంటే అది చేస్తానమ్మా. రోజంతా కూర్చోమన్నా కూర్చుంటాను."

"చెయ్యకపోవడమే చెయ్యాలి. ఎండ నేరుగా తగలకూడదు, అలాగని చీకటి గదిలోనూ పెట్టకు. వెలుతురున్న నీడ చూడు. మట్టిలో వేలు పెట్టి చూడు, లోపలిదాకా ఎండితేనే నీళ్లు. వాడిపోయింది కదాని జాలిపడి పోశావో, వేరు కుళ్లుతుంది. కాలిన ఆకులు పీకకు, కింద ఆకులకి అవే గొడుగు. వాటంతటవి ఎండి రాలాలి. అన్నిటికంటే ముందు, ఆ గుడ్డ పారెయ్యి!"

ఆ రోజు నుంచి చిన్న తాతకి ముళ్ల మీద కూర్చున్నట్టే. కుండీని షాపులో ఎత్తుగా, ఆవిరి తగలని అరలో, కిటికీకి బారెడు దూరంలో పెట్టాడు. కిటికీకి పల్చటి తెర కట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లు ముడత కనిపిస్తే చాలు అటు వెళ్లిన చేతులవి. ఇప్పుడు కళ్లెదుట ముడతలు పడుతున్న ఆకులుంటే ఊరికే చూస్తూ ఉండాలి. చొక్కా మడతపెడుతూ అటు చూసేవాడు, బొత్తాం పెడుతూ అటు చూసేవాడు. బట్టలివ్వడానికి వచ్చిన బడి పంతులు "ఏం పెద్దాయనా, ఆ అరలో ఉన్నది మొక్కా, దేవుడా?" అని అడిగాడు. "అదేమిటో అదే చెప్పాలి బాబూ," అన్నాడు. ఆ ధ్యాసలో పంతులు ప్యాంటుకి రెండు మడతగీతలు పెట్టి, మళ్లీ తడిపి మొదటికొచ్చాడు.

పొద్దున లేవగానే ఆకులు లెక్కపెట్టేవాడు. ఇరవై ఆరు. ఇరవై నాలుగు. ఇరవై ఒకటి. మట్టిలో వేలు పెట్టేవాడు, పైన పొడి, లోపల తడి. గ్లాసు ఎత్తినవాడు దించేసేవాడు. రోజూ ఫోను, రోజూ గోడ. "ఆ గోడకి సున్నం వేయించాలి మామయ్యా," అని కోడలు నవ్వితే ఈయనకి చెమటలు పట్టేవి.

పద్దెనిమిదో రోజుకి మట్టి అడుగుదాకా ఎండింది. కొలిచి కొలిచి గ్లాసు నీళ్లు పోశాడు. ఇరవై మూడో రోజున, మాడిన ఆకుల నడుమ, చిటికెన వేలి గోరంత మొలక తలెత్తింది. దాని మీద తెల్లటి పొడి! దాని చొక్కా అదే కుట్టుకుంటోంది. ఆయన చెయ్యి దానంతటది ముందుకెళ్లింది. దగ్గరదాకా వెళ్లిన చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

సంతోషమేగా అంటావు. కాదు. గోరంత ఆకు ఆయన కళ్లకి కనపడుతుంది, కోడలి కళ్లకి ముందు కనపడేది చుట్టూ ఉన్న మాడిన మచ్చలు. రేపు వస్తుందనగా మనసు ఆగలేదు. మొక్కలావిడ దగ్గర అచ్చం అలాంటిదే, మచ్చలేనిది, ఒకటి కొన్నాడు. తెచ్చి కిటికీ గూట్లో పెట్టాడు. పాతదాన్ని షాపు బల్ల కింద దాచాడు. తుడవలేదులే, ఆ బుద్ధి మాత్రం వచ్చింది.

కోడలు వచ్చింది. పిల్లని చంకనేసుకుని నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది.

"అబ్బ, కళకళలాడుతోంది! నాకంటే మీరే బాగా చూశారు మామయ్యా. సరే, నేనే అనవసరంగా భయపడ్డాను. సోమవారం నుంచి పిల్ల మీ దగ్గరే, షాపులోనే."

నెల రోజులుగా ఆయన వినాలని ఎదురుచూసిన మాట అది. పిల్ల ఆయన్ని గుర్తుపట్టి చేతులు చాచింది. తీసుకోలేకపోయాడు. రేపు ఈ పిల్లకి షాపులో చిన్న వాత పడితే? అప్పుడు కూడా ఫోను గోడకి తిప్పుతానా? షాపు బల్ల కింద దాస్తానా?

"అమ్మా, ఒక్క నిమిషం," అని పదకొండు మెట్లు దిగి, పదకొండు మెట్లు ఎక్కి, మాడిన కుండీ తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"నీది ఇదమ్మా. అది కొన్నది. పొడి దుమ్మనుకుని తుడిచాను. ఎండలో కాల్చాను. మచ్చ పోతుందని మళ్లీ కాల్చాను. రోజూ నీకు గోడ చూపించాను."

కోడలు కింద కూర్చుంది. మాడిన ఆకులన్నీ చూసింది. నడుమన ఉన్న చిన్న ఆకునీ చూసింది, అది ఏ రోజు వచ్చిందో అడిగింది. చెప్పాడు. పిల్ల కుండీ లాగబోతే చెయ్యి పట్టుకుంది.

"షాపులో వద్దు మామయ్యా," అంది చివరికి. ఆయన తలవంచుకున్నాడు. "మీ మీద నమ్మకం లేక కాదు. ఆ ఇస్త్రీ పెట్టెల మీద లేదు. మధ్యాహ్నం దాకా బేబీ కేర్‌లో ఉంటుంది. తర్వాత మీరు ప్లగ్గులు పీకి, షాపుకి తాళం వేసి, పిల్లని ఇంటికి తెచ్చుకోండి. నేను వచ్చేదాకా మీ దగ్గరే. ఏదైనా అయితే ఆ క్షణమే నాకు ఫోను. గోడ కాదు, పిల్లని చూపించాలి."

"పిల్లనే చూపిస్తానమ్మా," అన్నాడు.

ఇప్పటికీ ఆ సెంటర్ నుంచి ఇల్లు చేరేదాకా ఆయన గుండె దడదడలాడుతూనే ఉంటుంది. పిల్లని ఎత్తుకున్నవాడికి ఆ దడ ఉండాల్సిందే అంటాడు.

అయిపోయింది, కలం పెట్టెయ్యి. చిన్న తాత ఇప్పుడు పిల్లని తేవడానికి పోయాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు. వచ్చాక, పిల్ల పడుకున్నాక, ఇది నెమ్మదిగా చదివి వినిపించు. పంతులు ప్యాంటు సంగతి దగ్గర కోపమొస్తే, అన్నయ్య చెప్పమన్నాడని చెప్పు.