పద్నాలుగో గడిలో పది

నేను ఒక అట్ట ఫైలును. ఆకుపచ్చ రంగు, ఒక మూలకు చిల్లు, ఆ చిల్లులో తెల్లటి ట్యాగు దారం. పైకి చెప్పుకోవడానికి ఇంతకంటె ఏమీ లేదు. ఉన్నదంతా కడుపులోనే.

పుట్టుక గురించి గొప్పలు పోను. పట్నం చివర ఒక అట్టల మిల్లులో పాత కాగితాలను నానబెట్టి, రుబ్బి, పలకలు తీస్తారు. నాతోపాటు ఆ తొట్టిలో పరీక్ష పేపర్లు నానాయి, శుభలేఖలు నానాయి, గోడల నుంచి పీకిన సినిమా పోస్టర్లూ నానాయి. లోపలి వైపు నాకు ఇప్పటికీ ఒక ఎర్రటి మచ్చ ఉంది. ఏ హీరో చొక్కాదో తెలియదు. దానివల్లనేమో, నా బతుకంతా ఇంకా తీయని సినిమా చుట్టూ తిరిగింది.

దసరా పోయిన వారం ఒక మండల కేంద్రంలో, బస్టాండు పక్క జిరాక్స్ దుకాణంలో నన్ను కొన్నది కడారి ఐలేశం. పెళ్ళిళ్ళకు వీడియో తీయడం అతని పని. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. దుకాణంలో ఉన్న ఫైళ్ళన్నిటినీ చేత్తో తూచి చూసి, మిగతావాటికంటె రవ్వంత మందంగా ఉన్నానని నన్నే తీసుకున్నాడు. ఎంత దూరం మోయాలో అతనికి ముందే అనుమానం ఉన్నట్టుంది.

తక్కువ ఖర్చుతో తీసే సినిమాలకు ప్రభుత్వం సాయం చేస్తుందని అతను పేపర్లో చదివాడు. కథ చేతిలో ఉంది. పేరు ‘మంద తోవ’. అతని కాక కొమురెల్లి, అంటే తండ్రి తమ్ముడు, గొర్ల కాపరి. ఏటా దసరాకు మందను తోలుకొని ఊరు దాటుతాడు. కోతలైపోయిన పొలాల్లో మంద పెడతాడు. గొర్రెలు పడుకున్న మడికి ఎరువు దక్కుతుంది, కాపరికి రైతు ఇంత గింజలు పోస్తాడు. ఎండలు ముదిరాక పందొమ్మిది ఊళ్ళ మీదుగా మందను వెనక్కి నడిపిస్తాడు. ఆ తిరుగు నడకే సినిమా. అందులో కొమురెల్లే హీరో, మందే మిగతా నటులు.

అయితే ఒక చిక్కు. కొమురెల్లి మోకాళ్ళు పోయాయి. “ఈ ఉగాదికి మంద అమ్ముత. ఉగాది పొద్దుగాల బేరగాడు వస్తడు. ఒక్క దినం అటు గాదు, ఇటు గాదు. మాట ఇచ్చిన” అన్నాడు. అంటే ఉగాదిలోపు సాయం మంజూరు కావాలి, ఆ కాగితం చూపించి కాకను నాలుగు వారాలు ఆపుకోవాలి. లేకపోతే తీయడానికి నడక ఉండదు, మంద ఉండదు. అద్దె కెమెరాకూ, వెంట నడిచే నలుగురి తిండికీ ఐలేశం దగ్గర వేరే దారి లేదు.

దరఖాస్తులో ముప్పై రెండు గడులు. ఇద్దరూ ఎల్లారెడ్డి అనే రైతు పొలం గట్టుమీద కూర్చొని నింపారు. పదమూడు దాకా బాగానే సాగింది. పద్నాలుగో గడి: ‘చిత్రంలో ఉపయోగించు జంతువుల సంఖ్య’.

“కాకా, మందల ఎన్ని ఉన్నయని అడుగుతున్నరు.”

“పది రాయి.”

“పది ఏంది కాకా.”

“ఎవలడిగినా పదే చెప్తం గద. పది రాయి.”

కాపరి తన మంద లెక్క నోటితో చెప్పడు. చెప్తే మందకు కీడని నమ్మకం. అసలు కొమురెల్లికి లెక్కతో పనే లేదు. పొద్దున దడి తీసి గొర్రెలను బయటికి వదిలేటప్పుడు మొహాలు చూస్తాడు. “ఏది రాలేదో తెలిస్తే సాలు. ఎన్నొచ్చినయో నాకెందుకు” అంటాడు. ఐలేశానికీ అదే రక్తం. పెన్ను రెండు క్షణాలు ఆపి, గడిలో ‘పది’ అని గుండ్రంగా రాశాడు. నా తలరాత ఆ రెండక్షరాల్లోనే ఉందని అప్పుడు నాకు తెలియదు.

పట్నంలో ఆ సాయం ఇచ్చే ఆఫీసు రెండో అంతస్తు. నన్ను అందుకున్నది సుభాషిణి మేడం. చెడ్డ మనిషి కాదు. మధ్యాహ్నం తన డబ్బాలో పెరుగన్నం సగం అటెండరుకు పెడుతుంది. కానీ కాగితం చేతికొస్తే ఆమెకు మనుషులు కనబడరు. నన్ను పెట్టిన బీరువాలో మూడేళ్ళనాటి ఫైళ్ళు ఉన్నాయి. ఒక ముసలి ఫైలు నన్ను చూసి, “కొత్తా? ఒళ్ళు గట్టి చేసుకో” అంది.

మొదటి నెల ఎవరూ ముట్టుకోలేదు. రెండో నెల మొదటి అభ్యంతరం. కథ తన సొంతమని నోటరీ పత్రం జతచేయలేదట. తెచ్చాడు. తర్వాత, దారిలో ఉన్న పందొమ్మిది పంచాయతీల అనుమతి కావాలన్నారు. గొర్రెలు వందేళ్ళుగా ఎవరినీ అడగకుండా నడిచిన తోవ. ఐలేశం బండి మీద పందొమ్మిది ఊళ్ళూ తిరిగి సంతకాలు పట్టుకొచ్చాడు. ఒక ఊళ్ళో సర్పంచు పెళ్ళికి పోయాడని మూడుసార్లు తిరిగాడు. చివరికి ఆ పెళ్ళికే వీడియో తీయడానికి వెళ్ళి అక్కడ సంతకం తీసుకున్నాడు. ఆ తర్వాత కొమురెల్లి వేలిముద్ర ఎడమ చేతిది లేదని ఒక చీటీ. తర్వాత ఆ వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేదని ఇంకొకటి. ఒక్కో కాగితం చేరినప్పుడల్లా నా ట్యాగు విప్పి, మళ్ళీ గుచ్చి, మళ్ళీ కట్టారు. నా చిల్లు సాగిపోయింది. ఐలేశం బెంచీ మీద కూర్చొని, ఎదురుగా ఫ్యాను ఎన్ని చుట్లకొకసారి కిర్రుమంటుందో చూసేవాడు.

కొత్త సంవత్సరం వచ్చాక మేడం చివరికి కథ చదివింది. మొదటి సీను: ‘గుట్ట వాలంతా గొర్రెలు. తోవ కనబడదు.’

ఐలేశాన్ని పిలిచింది. “బాబూ, తోవ కనబడదని రాశారు. పది గొర్రెలకు తోవ ఎట్లా కనబడకుండా పోతుంది?”

“పది గాదు మేడం. మస్తున్నయి.”

“మరి పది అని ఎందుకు రాశారు?”

“మేము లెక్క చెప్పం మేడం. కీడు.”

మేడం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. “కీడుకు ఇందులో గడి లేదు. జంతువుల డాక్టరు సర్టిఫికెట్ రావాలంటే సంఖ్య కావాలి. సంఖ్య తప్పయితే దరఖాస్తే తప్పు.”

“సుమారు అని రాయొచ్చా మేడం?”

“సుమారును కంప్యూటర్ తీసుకోదు.”

ఆ మాటతో నామీద ఎర్ర చీటీ అంటించారు. ఆ ఆఫీసులో ఎర్ర చీటీ పడ్డ ఫైలు కింది అరకు పోతుంది. కింది అరలో నీళ్ళ కుండ పెడతారు. చెమ్మకు నా అంచు ఉబ్బింది. మనుషుల తీరు నాకు అప్పుడు బాగా విసుగనిపించింది. తోవ కనబడనంత మందను కళ్ళారా చూడొచ్చు, బస్సెక్కితే రెండు గంటల దూరం. అది వదిలేసి గడిలో ఉన్న రెండక్షరాలతో కొట్లాడుతున్నారు.

ఫిబ్రవరిలో ఎంపిక సంఘం కూర్చుంది. ముగ్గురు. ఐలేశాన్నీ, ‘ప్రధాన పాత్రధారి’నీ రమ్మన్నారు. కొమురెల్లి భుజాన గొంగడి వేసుకొని, కర్రను తలుపు దగ్గర ఆనించి, కుర్చీ అంచున కూర్చున్నాడు. బస్సు మెట్లు ఎక్కి దిగిన మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకొనే ఉన్నాడు. ఒక సభ్యుడు “మాటలు మరీ తక్కువున్నాయి. ఒక పాటైనా పెట్టొచ్చు గదా” అన్నాడు. ఇంకొకాయన కథ బాగుందన్నాడు, కానీ కళ్ళు గడియారం మీదున్నాయి. నరహరి అనే తనిఖీ అధికారి నన్ను తిప్పి పద్నాలుగో గడి చూపించాడు.

“పెద్దాయనా, ఇది తేలితే మిగతాదంతా సరిగ్గానే ఉంది. ఎన్ని గొర్రెలు?”

ఐలేశం నేల చూశాడు. అసలు లెక్క చెప్పమని అతను కాకను అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి చెప్పే తీరాలి.

కొమురెల్లి తల తిప్పి అన్న కొడుకు మొహం చూశాడు. దడి దగ్గర ఏది రాలేదో వెతికే చూపు అది.

“రెండు నూర్ల పదమూడు” అన్నాడు.

పక్కన కంప్యూటర్ ముందున్న మేడం అరక్షణంలో టైపు చేసింది. కొమురెల్లి లేచి కర్ర తీసుకొని వెళ్ళిపోయాడు. తలుపు తీసే ఉంది కాబట్టి వరండాలో మాటలు నాకు వినబడ్డాయి.

“కాకా, ఎందుకు చెప్పినవ్.”

“చెప్పిన గద, అయిపోయింది. ఇగ దాన్ని అబద్ధం చెయ్యాలె.”

అదేమిటో నాకు అర్థం కాలేదు. అర్థమవడానికి ఇంకో నెల పట్టింది. డాక్టరు సర్టిఫికెట్ వచ్చింది. ఆ పైన సంఖ్యను కళ్ళతో చూసి ధ్రువీకరించాలన్నారు. నరహరికి జీపు దొరకడానికి మూడు వారాలు పట్టింది. నన్ను చంకలో పెట్టుకొని ఆయన ఎల్లారెడ్డి పొలంలో దిగేసరికి ఉగాది పది రోజుల దూరంలో ఉంది.

పొద్దున్నే దడిలో కొంచెం సందు తీసి ఒక్కొక్క గొర్రెనే వదిలారు. నరహరి పదికొక గులకరాయి జేబులో వేసుకుంటూ లెక్కపెట్టాడు. కొమురెల్లి అటు తిరిగి నిలబడ్డాడు.

“రెండు వందల పన్నెండు.”

మళ్ళీ లోపలికి తోలించి మళ్ళీ లెక్కపెట్టాడు. రెండు వందల పన్నెండే.

“ఒకటి తక్కువుంది ఐలేశం.”

ఐలేశం నోరు విప్పాడు. “లెక్క నోట్లెకెళ్ళి బయటపడ్డంక అది నిజమై ఉండొద్దు సార్. అందుకని మరునాడే మా కాక ఒక గొర్రెపిల్లను తీసి ఎల్లారెడ్డి పటేలుకు ఇచ్చిండు.”

నరహరి నన్ను నుదుటికి కొట్టుకున్నాడు. నాకేమీ నొప్పి లేదు, ఆయన బాధే నాకూ. “ఒక్కటి తేడా వస్తే మళ్ళీ అభ్యంతరం రాయాలి నేను. మళ్ళీ మీటింగు జూన్‌లో.”

“జూన్‌ల మంద ఉండది సార్” అన్నాడు ఐలేశం. అతని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఎల్లారెడ్డి గట్టుమీద పళ్ళు తోముకుంటూ ఇదంతా విన్నాడు. “గంతే గద. నా కొట్టంల ఉన్న పిల్లను తెస్త, అండ్ల కలపుర్రి” అన్నాడు.

“ఇచ్చింది మల్ల తీస్కోను” అన్నాడు కొమురెల్లి.

“నీకు తిరిగి ఇస్తలేనురా నాయినా, లెక్కకు నిలబెడ్త.”

“నిలబెడితే నిజమైతది గద.”

ఈ వాదం నడుస్తుండగానే దడి వెనక ఒక గొర్రె మూలిగింది. కొమురెల్లి మోకాళ్ళ నొప్పి మరిచి పరుగెత్తాడు. కాసేపటికి తడి తడిగా ఒక పిల్ల లేచి నిలబడబోయి పడింది, మళ్ళీ లేచింది.

నరహరి మొహం విచ్చుకుంది. “రెండు వందల పదమూడు. సరిపోయింది.”

కొమురెల్లి మొహం వాడిపోయింది. పిల్ల మొహం తుడుస్తున్న చేయి ఆగిపోయింది. చెప్పిన లెక్క మళ్ళీ నిజమైంది. ఇంకొకదాన్ని తీయాలి. తీస్తే మళ్ళీ ఒకటి తక్కువ. ఇంత చిక్కుముడి నేను కింది అరలో కూడా చూడలేదు.

నరహరి గట్టుమీద చతికిలబడ్డాడు. నన్ను ఒళ్ళో పెట్టుకొని పద్నాలుగో గడి తెరిచాడు. దానిమీద ఇప్పటికే ‘పది’ కొట్టేసి ‘213’ వేసి ఉంది. తల్లి పొదుగు వెతుక్కుంటున్న పిల్లను చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీసి 213కు ముందు ‘సుమారు’ అని రాసి, సంతకం పెట్టాడు.

“కంప్యూటర్ తీస్కోదన్నరు సార్” అన్నాడు ఐలేశం.

“ఇది చేత్తో రాసింది. కంప్యూటర్‌కు చదువు రాదు. మేడంకు వస్తుంది, ఆమెకు నేను చెప్పుకుంటా.”

కొమురెల్లి దగ్గరికి వచ్చాడు. “ఏం రాసిన్రు?”

“సుమారు అని.”

“అంటే?”

“అంతే ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ఎవరూ గట్టిగా చెప్పలేరు.”

కొమురెల్లి ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. “గిది మంచిగున్నది. గీ మాట ముందుగాలనే చెప్తే అయిపోవు గద.” పిల్లను తల్లి దగ్గరికి తోసి, ఇక ఏ పిల్లనూ తీయలేదు.

నన్ను జీపులో వేయబోతుండగా ఐలేశం కాకతో అన్నాడు, “ఇయ్యాల సంతకమైనా, మంజూరు కాగితం ఉగాదిలోపు రాదు కాకా. ఇంక నెల పడతది.”

“ఉగాది గూడ సుమారు రాసుకో.”

“బేరగానికి మాట ఇచ్చినవ్ గద.”

“సుమారు ఉగాది అన్న అని చెప్త. ఆనికేమన్న లెక్కలొస్తయా.”

ఐలేశం నవ్వడం నేను అప్పుడే చూశాను. ఆ ఆరునెలల్లో అదొక్కసారే.

సుభాషిణి మేడం ఆ మాట చూసి నరహరితో పావుగంట పోట్లాడింది. అయినా ఎర్ర చీటీ పీకింది. చీటీతోపాటు నా పై పొర కొంచెం లేచి వచ్చింది. మంజూరు కాగితం ఉగాది దాటిన ముప్పై నాలుగో రోజున ఐలేశానికి పంపారు. ఎండలు మండుతున్నాయి, మంద ఇంకా నడవలేదు. పని ముగిసింది కనుక నన్ను మూసి, తాడుతో ఇరవై ఫైళ్ళతో కలిపి కట్టి, కింద రికార్డు గదిలో వేశారు.

ఇక్కడ చీకటి, దుమ్ము, ఎలకలు. ఎవరికీ నాతో పని లేదు. ‘సుమారు’ అని రాసి ఉన్న ఫైలు ఈ గదిలో నేనొక్కదాన్నే. మిగతావి నన్ను తక్కువగా చూస్తాయి. చూడనీ.

మా గది పైనే సినిమాలు వేసి చూసే చిన్న హాలు ఉంది. మామూలుగా దాంట్లోంచి పాటలూ, కొట్లాటలూ, ఏడుపులూ వినబడతాయి. మొన్నొక మధ్యాహ్నం ఏమీ వినబడలేదు. మాట లేదు, పాట లేదు. తర్వాత ఎక్కడో దూరంగా ఒక మెడగంట. ఇంకొకటి. తర్వాత గిట్టల చప్పుడు, మెల్లగా మొదలై, దగ్గరవుతూ, పైకప్పంతా నిండిపోయింది.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి, ఆగిపోయాను.