వర్ణికకు ఒడిబియ్యం

బియ్యానికి పసుపు పట్టించమని తల్లి చెప్పగానే నవత ప్రాణం లేచొచ్చింది. శ్రావణమాసం కదా, తనకే ఒడిబియ్యం పోస్తుందేమో అనుకుంది. తల్లిగారు ఒడి నింపి పంపారంటే ఆ ఆడబిడ్డ వెనక మనుషులున్నారని అత్తగారి ఊరికి తెలుస్తుంది. ఆదివారం ఆ ఊళ్లోనే, తుర్కయాంజాల్‌లో, పెద్దమనుషుల ముందు కూర్చోవలసిన నవతకు ఇప్పుడు కావలసింది అదే.

"ఎవరికమ్మా ఇవి?" అంది, అయినా అడక్కుండా ఉండలేక.

"వర్ణికకే. రేపు సాగర్ రోడ్డు మీద చీరల దుకాణం తెరువనీకి వస్తుందట. పాపం, ఆ పిల్లను సొంత తల్లిగారోళ్లు గూడ గడప తొక్కనియ్యకపాయిరి. గల్లీ ఆడోళ్లమంత అనుకున్నం, మనమే తల్లిగారోళ్లమైదాం అని."

నవత చేతులు పసుపులో ఆగిపోయాయి.

"నీకు పోద్దామంటె అల్లుడు రాకపాయె. ఒక్కదాన్ని పీట మీద కూసోబెట్టి పోస్తరా ఎక్కడన్న?" అంది తల్లి భూలక్ష్మి, అడగని మాటకు జవాబుగా.

వర్ణిక రాత్రి సీరియల్‌లో పిల్ల. అత్త తాగే పాలలో విషం కలిపిందని నింద మోస్తోంది. కలిపింది తోటికోడలు. అది పొట్లం విప్పిన రోజు భూలక్ష్మి టీవీ మీదికి చెప్పు లేపింది. మొగుడు వర్ణికను వానలో బయటికి నెట్టిన రోజు ముద్ద దిగక కంచం పక్కకు పెట్టేసింది.

నవతను ఎవరూ వానలో నెట్టలేదు. మంచి ఎండలో, బ్యాగు సర్ది, ఆటో మాట్లాడి పంపించాడు మొగుడు రితేష్. అంతకుముందు ఓ రోజు, కూతురు శ్రీనిధి స్నానానికని కాగే నీళ్ల బకెట్ తెచ్చి పెట్టింది అత్త. "తువ్వాల తేపో, పిల్లను నేను చూస్త" అంది. నవత తువ్వాలతో తిరిగొచ్చేసరికి బకెట్ పక్కకు ఒరిగి ఉంది, పిల్ల కాలు మోకాలి దాకా ఉడికిపోయి ఉంది, అత్త వాకిట్లో ఉంది. దవాఖానలో మాత్రం, "ఫోన్ల ముచ్చట్లు పెట్టుకుంట పిల్లను ఇడిసిపెట్టింది" అని అందరికీ చెప్పింది. పిల్లను తమ దగ్గరే ఉంచుకుని, కాలు మానేదాకా నవతను తల్లిగారింట్లో ఉండమన్నాడు రితేష్. కాలు మానింది. పిల్లను మాత్రం ఇవ్వలేదు. ఇంకా పాలు మరవని పిల్ల. గల్లీలో ఏ పసిబిడ్డ ఏడ్చినా నవత జాకెట్టు తడిసిపోతోంది.

మర్నాడు దుకాణం ముందు నిలబడే చోటు లేదు. వర్ణిక నల్ల కళ్లద్దాలతో కారు దిగింది. ఆ వేషం వేసేది బెంగుళూరు పిల్లట, తెలుగు అంతంతే. ఒడిబియ్యం అంటే ఏమిటో మేనేజరు చెవిలో చెప్పాక, నవ్వుతూ కొంగు పట్టింది. నవత బేసిన్ పట్టుకుంటే భూలక్ష్మి దోసిలితో పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ అన్నీ పెట్టింది. పెడుతూ పెడుతూ బోరుమంది.

"నీ తప్పేం లేదు బిడ్డా! ఫికర్ చెయ్యకు. ఏ పంచాయితీల అడిగినా నేనొచ్చి చెప్త."

చుట్టూ ఫోన్లు లేచాయి. "థ్యాంక్యూ అమ్మా" అని వర్ణిక బియ్యం మూట దుకాణం వాళ్లకు అందించి లోపలికి వెళ్లింది.

తిరిగొస్తూ దారిలో నవత అడిగింది. "ఆ ముచ్చటే ఆదివారం నా కోసం చెప్పరాదె అమ్మా. ఒక్క మాట."

భూలక్ష్మి ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. "ఆమెది కండ్లతోటి చూసినం గదనే. ఆ తోటికోడలు పొట్లం ఇప్పంగ చూసినం, కలపంగ చూసినం. నీది ఎవరు చూసిండ్రు?"

"నేను చెప్తున్న గద!"

"నువ్వు చెప్తున్నవ్. మీ అత్త గూడ చెప్తుంది."

తల్లి కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నంత మామూలుగా అంది.

ఆదివారం అత్తగారింటి ముందుగదిలో చాప మీద పెద్దమనుషులు కూర్చున్నారు. అత్త ఒడిలో శ్రీనిధి. పిల్ల నవతను కాసేపు తేరిపార చూసి, ముఖం నాయనమ్మ భుజంలో దాచుకుంది. అంజిలయ్య అందరిలోకీ పెద్ద. నవత చెప్పిందంతా విని, భూలక్ష్మి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. నీ బిడ్డ ఎసొంటిది?"

"నేను ఆడ లేను గదన్నా, ఎట్ల చెప్పాలె? కావాలని చేసే పిల్లైతే కాదు. చిన్నప్పటిసంది జర మతిమరుపు. పొయ్యి మీద పాలు పెట్టి మర్సిపోయేది, గంతే."

బిడ్డను గట్టున పడేశాననే అనుకున్నట్టుంది, కొంగు సర్దుకుని కూర్చుంది. అంజిలయ్య తల పంకించాడు. "కన్నతల్లే అంటుంటె మనమేమంటం? పిల్ల బడికి పోయేదాక నాయనమ్మ దగ్గర్నే ఉండనియ్యుండ్రి. తల్లి పండుగకు, పబ్బానికి వచ్చి చూసుకుంటది."

చాయ్ వచ్చింది. అత్త గ్లాసు అందిస్తూ భూలక్ష్మి పక్కన చేరింది. "వదినె, నీ వీడియో చూసిన. నువ్వు బియ్యం పోస్తుంటె నాకు గూడ ఏడుపాగలే. పాపం వర్ణిక!"

"అవ్ వదినె. దాని అత్తకైతే కండ్లు లేవు."

"దాని ఉసురు ఊకె పోదు సూడు."

ఇద్దరూ కళ్లొత్తుకున్నారు.

నవత లేచి వెళ్లి గడప మీద కూర్చుంది. "నేను పోను. నన్ను ఎల్లగొట్టాలంటె ఇప్పుడే ఎల్లగొట్టుండ్రి. ఇంతమంది ఉన్నరు. కండ్లతోటి చూస్తరు."

అంజిలయ్య గొంతు సవరించుకుని, చాయ్ సగంలోనే వదిలి లేచాడు. గడప మీది మనిషికి తగలకుండా ఒక పక్కగా దాటి బయటపడ్డాడు. వెనకే ఒకరు, ఆ వెనక మరొకరు. ఎవరి చెప్పులు వారు తొడుక్కున్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"లే బిడ్డా, బస్సు పోతది" అంది భూలక్ష్మి.

నవత లేవలేదు. గోడకానుకుని ఫోన్ చూస్తున్న రితేష్, దాన్ని జేబులో పెట్టుకుని వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. నవత తల్లి వైపు చూసింది.

భూలక్ష్మి ముఖం గోడకు తిప్పుకుంది.