అడుగుల కాలమ్

నాలుగేళ్లుగా ఆ ఆఫీసులో బోర్ల వివరాలను డేటాబేస్‌లోకి ఎక్కించే పని ఆమెది. ఖనిజం కోసం వేసిన ప్రతి బోరూ ఎక్కడుంది, ఎంత లోతు పోయింది, ఏ లోతున ఏ రాయి తగిలింది, అన్నీ డ్రిల్లర్లు చేత్తో రాసిన కాగితాలు చూసి కొట్టేది. వాటిని మ్యాపులోకి దింపడం మాత్రం మేనేజర్ సొంత విద్య. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన గదిలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు.

ఆ రోజు ఆమె బల్ల మీదికి కొత్త కంప్యూటర్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ అందులోనూ వేశారు.

“ఇకనుంచి నువ్వే దింపమ్మా. నాకు మీటింగులతోనే సరిపోతోంది. ఏముంది, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవడమే” అన్నాడు మేనేజర్.

ఆమె అలా నొక్కుకుంటూ పోయే మనిషి కాదు. తెర మీద ఒకవైపు డేటాబేస్‌లోని కాలమ్‌లు, రెండోవైపు సాఫ్ట్‌వేర్ అడిగేవి. దేన్ని దేనితో కలపాలో చెప్పాలి. బోరు పేరు, తూర్పుకెంత, ఉత్తరానికెంత, ఎత్తు, లోతు అన్నీ కలిపింది. ఒకటి మిగిలింది. అది కొలత కాలమ్. లోతు మీటర్లలో ఉందా, అడుగుల్లో ఉందా అని చెప్పేది అదే. మేనేజర్ ఇన్నాళ్లూ దీన్ని ఎలా కలిపాడో చూద్దామని ఆయన పాత సెట్టింగు తెరిచింది. కొలత కాలమ్ ఎదుట, వదిలెయ్యమని టిక్కు పెట్టి ఉంది.

అంటే అడుగులనూ మీటర్లుగానే లెక్కేశాడన్నమాట. ఆమె భగ్గుమంది.

బోర్లు వేసే మూడు రిగ్గుల్లో రెండు కొత్తవి, వాటి లెక్క మీటర్లలో. మూడోది పాతది. నేలలోకి దించే దాని రాడ్లు పదేసి అడుగులవి కాబట్టి లెక్కా అడుగుల్లోనే. దాన్ని నడిపింది ఆమె మేనమామ.

నాలుగు నెలల కిందట ఆయన్ని పనిలోంచి తీసేశారు. మ్యాపులో ఆయన వేసిన ఒక బోరు రెండు వందల నలభై మీటర్లు చూపిస్తోంది, అందులోంచి తీసి షెడ్డులో పెట్టెల్లో సర్దిన రాతి కడ్డీలు చూస్తే డెబ్బై మూడు మీటర్లే ఉన్నాయి. ఏడు బోర్లలోనూ అదే తంతు. తవ్వని లోతుకు దొంగ లెక్క రాశాడని మేనేజర్ రిపోర్టు పంపాడు. “మిగతా రాళ్లు తిని అరిగించుకున్నాడేమో” అని గదిలో అందరి ముందూ నవ్వాడు కూడా. ముప్పై ఏళ్లు రిగ్గు నడిపిన మనిషికి గేటు దగ్గర వాచ్‌మన్ చేత ఉత్తరం ఇప్పించారు. సంజాయిషీ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు మామయ్య తిన్నగా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

“ఏమే, నేను రాసింది రాసినట్టే కొట్టావా?”

“కొట్టాను మామయ్యా. కానీ పెట్టెల్లో రాళ్లు తక్కువున్నాయంటున్నారు. మ్యాపు అబద్ధం చెప్పదు కదా.”

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. మేనమామను వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనన్న భయంతో, ఆమె ఆ తర్వాత ఆయన గడప తొక్కలేదు.

ఇప్పుడు కొలత కాలమ్ కలిపి, అడుగులను మీటర్లుగా మార్చి మళ్లీ దింపింది. ఎక్కడో పాతాళంలో వేలాడుతున్న ఆ ఏడు బోర్ల గీతలూ పైకి జరిగి, పక్క బోర్ల సరసన బుద్ధిగా నిలబడ్డాయి. టేపు పట్టుకుని షెడ్డుకు వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని పెట్టె తర్వాత పెట్టె కొలిచింది. కొద్దిపాటి తేడాలు తప్ప ఏడూ సరిపోయాయి.

కొలతల కాగితాలు తెచ్చి మేనేజర్ ముందు పడేసింది. ఆయన చదివాడు, మొహం మాడ్చుకున్నాడు, లేచి తలుపు మూశాడు.

“చూడమ్మా, రిపోర్టు పైకి పోయింది. ఇప్పుడు కెలికితే అందరికీ ఇబ్బంది. మ్యాపు సరిచేసేద్దాం, ఊరుకుందాం.”

“మరి మా మామయ్య?”

“ఎలాగూ ఏడాదిలో రిటైరయ్యేవాడే కదా!”

“మీరు పెట్టింది ఒక్క టిక్కు. ఆయన మొహాన పడింది దొంగ అనే ముద్ర. ఏడింటికీ ఒకే నిష్పత్తి వస్తుంటే మీకు అనుమానమే రాలేదా? ఏ దొంగైనా ఏడు చోట్లా కొలబద్ద పెట్టుకుని దొంగిలిస్తాడా సార్?”

“గొంతు తగ్గించు. సొంత మేనమామ కాబట్టి రెచ్చిపోతున్నావ్.”

“సొంత మేనమామ కాబట్టే నాలుగు నెలలు నోరు మూసుకున్నాను!”

తలుపు తీసుకుని, అదే ఊపులో డైరెక్టరమ్మ గదికి నడిచింది. ఆవిడ తక్కువ మాటల మనిషి. పాత సెట్టింగు చూసింది, స్వయంగా షెడ్డుకు వచ్చి రెండు పెట్టెలు కొలిపించింది. ఆ సాయంత్రమే మామయ్యకు కబురు వెళ్లింది: ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాం, వచ్చి పనిలో చేరండి.

మామయ్య చేరనన్నాడు. ఒక్కటే అడిగాడు. తన మీద వేసిన మాట తప్పని, వేసినవాడే షెడ్డులో అందరి ముందూ చదవాలి.

చదివాడు మేనేజర్. రిగ్గుల వాళ్లందరూ వరసగా నిలబడ్డారు. ఆయన గొంతు గడ్డం కూడా దాటలేదు.

“వినపడట్లేదు సారూ. వెనకున్న వాళ్లకీ చెవులున్నాయి” అన్నాడు మామయ్య.

రెండోసారీ నసిగాడు. మామయ్య చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూడోసారికి గానీ ‘పొరపాటు నాదే’ అన్న మాట గోడలకు తగలలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామయ్య తలూపి బయటికి నడిచాడు.

ఆమె వెంటపడింది. “మామయ్యా, ఆగు. నేనే కనిపెట్టాను...”

“తెలుసు. చెప్పారు.” ఆయన ఆగాడు గానీ మొహం తిప్పలేదు. “వాడికి నేనెవరో తెలీదే. వాడి సంగతి వదిలెయ్. నీకు తెలుసు కదా నేను. నన్ను అడిగావా ఒక్క మాట? ‘మామయ్యా, ఏం జరిగింది’ అని అడిగావా?”

మేనేజర్ మీద ఆమెలో ఇంకా రగులుతున్న కోపం ఒక్కసారి తన మీదికే తిరిగింది. దాన్ని ఎవరి మొహాన కొట్టాలో తెలియక తిరిగి షెడ్డులోకి నడిచింది.

మర్నాడు అత్తయ్య ఫోన్ చేసింది. “ఆదివారం రా. తిడతాడు. తిట్టనీ.”

వెళ్లింది. ఆయన గంటసేపు ఆపకుండా తిట్టాడు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, అన్నీ వింది.