ఇంకో నెల

మూడో కుర్చీ మీద దుప్పటి పరిచి, మడతలు అరచేత్తో సాపుచేసి, సిలాసు గోడమీది టీవీ ముందు నిలబడి రిమోట్ నొక్కాడు. యాప్‌లు ఒక్కొక్కటే తెరిచి చూసి మూశాడు. సర్దార్జీ క్రికెట్ యాప్ తెరుచుకుంది. బెంగాలీ ఆంటీ సినిమాల యాప్ తెరుచుకుంది. లక్ష్మీపతిగారి తెలుగు యాప్ మాత్రం నెత్తిన ఎర్రపట్టీ కట్టుకుని, మీ ప్లాను ఇవాళ్టితో ముగుస్తుందని చెప్పింది. అతనికి అది కొత్త సంగతేం కాదు. రెండు రోజులుగా అదే ధ్యాసలో ఉన్నాడు.

ఢిల్లీ జనక్‌పురిలో మార్కెట్ వెనక వీధిలో, మందుల దుకాణం పై అంతస్తులో ఉంది ఆ డయాలసిస్ సెంటరు. ఉదయం షిఫ్టులో నాలుగు కుర్చీలు, నలుగురు మనుషులు. వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకోవాలి. ఒంట్లో నెత్తురు గొట్టంలోంచి మిషనులోకి వెళ్లి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగి వస్తుంటే మనిషికి చేసేందుకు పనేమీ ఉండదు. సూది ఉన్న చెయ్యి కదపకూడదు. నిద్రపడితే అదృష్టం, పట్టకపోతే ఆ టీవీయే దిక్కు. సూదులు గుచ్చడం, మిషను చూడడం టెక్నీషియన్ నవదీప్ పని. దుప్పట్లు మార్చడం, బరువు తూచడం, కాళ్లు కొంకర్లు పోతే పట్టడం సిలాసు పని. టీవీ ఎవరి పనీ కాదు. ఆ గదిలో ఎవరి పనీ కానిదంతా సిలాసు పనే.

టీవీ సెంటరుది, యాప్‌లు మాత్రం పేషంట్లవి. ఎవరికి కావలసింది వాళ్లు తెచ్చి పెట్టుకున్నారు, అందరూ చూస్తారు. చిక్కల్లా గడువు తేదీలతోనే. డయాలసిస్ ఉన్న ఇంట్లో టెస్టుల తేదీలు, మందుల తేదీలు తప్ప ఇంకే తేదీ గుర్తుండదు. ఒకసారి సర్దార్జీ మ్యాచ్ చూస్తుండగా చివరి ఓవర్లో ప్లాను అయిపోయి తెర నల్లబడితే, ఆయన బీపీ ఎగిసిపడి, నవదీప్ చెమటలు కక్కాడు. ఆ రోజునుంచి తేదీలన్నీ సిలాసు బుర్రలో పెట్టుకున్నాడు. సర్దార్జీది గురుద్వారాలో అన్నదానపు లంగరు సేవకు ఆయన నెలనెలా వెళ్లే రోజు. బెంగాలీ ఆంటీది ఆవిడ కొడుక్కి జీతం పడ్డ మర్నాడు. లక్ష్మీపతిగారిది సిలాసు తన ఇంటద్దె కట్టే ముందు రోజు.

ఏడాదికి ఒక్కసారి కట్టేస్తే ఈ బాధే ఉండదు, పైగా చవక. కానీ ఆ గదిలో ఎవరూ ఏడాది ప్లాను తీసుకోరు. ఒకప్పుడు కిటికీ పక్క కుర్చీలో ఉండే బ్యాంకు మేనేజరు లెక్కలన్నీ వేసి, అందరినీ వెక్కిరించి మరీ ఏడాదికి కట్టాడు. రెండు వారాలు తిరక్కుండా పోయాడు. పాపం ఆయన గుండె బలహీనమైంది, నింద మాత్రం ప్లాను మీద పడింది. అప్పట్నుంచి అందరిదీ నెల ప్లానే. ఎవరిది పొడిగిస్తే ఆ రోజంతా రిమోట్ వాళ్లది. మిగతావాళ్లు పెళ్లికొడుకుని పలకరించినట్టు ముబారక్ చెబుతారు. సిలాసు పైకి ఏమీ అనడు. లోపల మాత్రం, ఇంకో నెల ఇచ్చావు, స్తోత్రం ప్రభువా అనుకుంటాడు.

అతనికి దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం చిన్నప్పటి అలవాటు. పాలకొల్లు దగ్గర రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. నర్సింగు చదివిన సరళకుమారికి తనని ఇచ్చి చేసినప్పుడే సగం ఊరు ముక్కున వేలేసుకుంది. ఆమెకు ఢిల్లీలో ప్రభుత్వాసుపత్రి ఉద్యోగం వస్తే ఒక ట్రంకుపెట్టె పట్టుకుని వెనకాలే రైలెక్కాడు. చర్చిలో బెంచీలు తుడిచాడు, క్యాంటీనులో గిన్నెలు తోమాడు, ఈ సెంటరు తెరిచిన నాడు ఇందులో చేరాడు. చుట్టుపక్కల తెలుగువాళ్లకు అతను ఎప్పుడూ సిస్టరుగారి భర్తే. ఆ మాటకి అతను ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. అంత మంచి సిస్టరుకి భర్త కావడం అందరికీ దొరుకుతుందా అనుకునేవాడు.

లక్ష్మీపతి కూతురు మనీష భుజం పట్టుకుని వచ్చాడు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో సుబేదారుగా రిటైరైన మనిషి. ఎండిపోయిన దేహం, పొందిగ్గా కత్తిరించిన మీసం, ఇస్త్రీ చొక్కా. నడక ఈమధ్య బాగా తగ్గింది. తూకం మీద నిలబెట్టినప్పుడు సిలాసు ఆయన నడుము దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. కిందటి వారంకంటే కండ తగ్గింది, నీరు పెరిగింది. సిలాసు ఆ సంగతి నవదీప్‌కి సైగ చేశాడు.

పక్క కుర్చీలో హైమవతి అప్పటికే సూదులు పెట్టించుకుని పడుకుంది. తెనాలి వైపు మనిషి, పంతులమ్మగా చేసి మానేసింది. ఆవిడ ప్రాణమంతా ఒక సీరియల్లో ఉంది. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒక చీరల కొట్టు కోసం కొట్టుకుంటూ ఉంటారు. అది లక్ష్మీపతిగారి యాప్‌లోనే వస్తుంది. మొదట్లో ఆయన విసుక్కునేవాడు. తరవాత్తరవాత చెల్లెలు చేసిన మోసం గురించి ఆవిడకంటే ఎక్కువ మండిపడేవాడు.

మిషను తిరగడం మొదలైంది. లక్ష్మీపతి ఖాళీ చేత్తో ఫోను అందించాడు.

“సిలాసూ, ఈసారి ఏడాదికి కట్టీ.”

సిలాసు చేతులు దుప్పటి మీద ఆగిపోయాయి. “ఏడాదికెందుకండి? నెలకి చాలదా అండి?”

“నెలనెలా రెండ్రోజుల ముందునుంచి నా చుట్టూ తిరుగుతున్నావు. నేనెన్నాళ్లుంటానో ఎవుడికి తెల్సు? నేను పోతే ఈ అమ్మ సీరియలు మజ్జిలో ఆగిపోద్ది. అదేటి బాగుంటాది?”

“పొద్దున్నే ఆ మాటలేంటి అన్నయ్యగారూ,” అంది హైమవతి. “నాకు సీరియలూ వద్దు, ఏమీ వద్దు. నువ్వు నెలకే కట్టు సిలాసూ.”

సర్దార్జీ ఏమైందని అడిగాడు. సుబేదార్ సాబ్ సాల్ భర్ కా లే రహే హైఁ అని నవదీప్ చెప్పాడు. ఏడాది అన్న మాట వినగానే సర్దార్జీ అపశకునం విన్నట్టు చెవులు ముట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“సిగ్నల్స్‌లో నాకు నేర్పింది ఒక్కటే,” అన్నాడు లక్ష్మీపతి. “మనిషి పడిపోయినా లైను తెగకూడదు. కట్టీ.”

సిలాసు ఫోను తీసుకున్నాడు. తెర మీద రెండు గళ్లు. ఒకటి నెల, ఒకటి ఏడాది. ఏడాది గడి మీద ఎక్కువ ఆదా అని ఒక పచ్చచుక్క మెరుస్తోంది. అతనికి చదువుకున్న కారణాలేమీ లేవు. ఈ మనిషి పోకూడదు, అంతే. నెలకి కడితే నెల తరవాత మళ్లీ అడగొచ్చు, అడగాలంటే ఆయన ఉండాలి. బొటనవేలు నెల గడి మీదికి వెళ్లింది. పిన్ను నొక్కడానికి ఫోను ఆయన చేతికిచ్చాడు. కళ్లజోడు సంచిలో ఉంది. ఆయన వేళ్లు అలవాటు ప్రకారం అంకెలు నొక్కేశాయి.

“అయిపోయిందా?”

“అయిపోయిందండి,” అన్నాడు సిలాసు. అబద్ధమాడలేదు గానీ నిజం చెప్పినట్టు కూడా లేదు.

ఆ రోజు రిమోట్ లక్ష్మీపతిది. ఆయన సీరియలే పెట్టించాడు. బెంగాలీ ఆంటీకి భాష రాకపోయినా ఏడుపులు అర్థమవుతాయి కాబట్టి ఆవిడా చూసింది. రెండు భాగాలు అయ్యేసరికి ఆయనకి పిక్క పట్టేసింది. సిలాసు కుర్చీ చివర కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకుని, మడమ వెనక్కి వంచి నొక్కడం మొదలుపెట్టాడు. నొప్పి కాస్త సద్దుమణిగాక ఆయన కళ్లజోడు అడిగి పెట్టుకుని, బ్యాంకు మెసేజీ చూసుకున్నాడు. చాలాసేపు ఫోను మూయలేదు.

“నెలకే కట్టినావు.”

సిలాసు తలెత్తలేదు. “అవునండి.”

“ఎందుకురా?”

“భయమేసిందండి.”

ఎప్పుడూ పేరుపెట్టి పిలిచే మనిషి మొదటిసారి రా అన్నాడు. తిట్లు పడతాయని సిలాసు కాచుకున్నాడు. పడలేదు. లక్ష్మీపతి సూది లేని చేత్తో అతని తలమీద ఒక దెబ్బ వేశాడు, బడిపిల్లవాడికి వేసినట్టు.

“నా చేతికి సూది పెడితే నేను ఒక్కనాడూ భయపడలేదు. నువ్వు ఫోను పట్టుకుని భయపడినావు.” కళ్లజోడు తీసి దుప్పటి మీద పెట్టాడు. “మా ఇంటిదుండగా అదే పట్టేది కాళ్లు. అది పోయినాక ఎవుళ్లనీ ముట్టనిచ్చినోణ్ణి కాదు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, కాళ్లు బాగా పడతావు.”

సిలాసు పిక్క దగ్గర ఇంకొంచెం గట్టిగా పట్టాడు. తనలాంటి వాడిని ఒక సుబేదారుగారు మెచ్చుకున్నారని రెండో పాదం కూడా ఒళ్లోకి తీసుకున్నాడు.

షిఫ్టు అయ్యాక మళ్లీ తూచి, మెట్ల దాకా దింపాడు. మనీష ఆటో పిలిచింది. “థాంక్యూ అంకుల్,” అంది. రోజూ అనే మాటే.

సాయంత్రం ఉత్తమ్ నగర్ గదిలో సరళకుమారి నైట్ డ్యూటీకి జడ వేసుకుంటుంటే జరిగిందంతా చెప్పాడు. ఆమె పిన్ను నోట్లో పట్టుకునే విన్నది.

“తప్పు చేశావు,” అంది పిన్ను తీసి. “ఆయన డబ్బు, ఆయన ఇష్టం.” సంచీ భుజానికి తగిలించుకుంటూ, “నేనైనా అదే చేసేదాన్ని,” అంది.

ఫోను చూసుకుంటున్న కూతురు షెరిన్ తలెత్తకుండానే, “పాపా, ఆప్ భీ నా,” అని తండ్రిని వెక్కిరిస్తూ నవ్వింది. ఆ ఇంట్లో ఏ యాప్ గడువూ ఎప్పుడూ దాటదు. కట్టేది ఆ పిల్లే. వాళ్లిద్దరి మధ్యా నిలబడి సిలాసు మనసులో మళ్లీ స్తోత్రం చెప్పుకున్నాడు.

లక్ష్మీపతి ఆ తరవాత రెండుసార్లే వచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యి బయటికి వస్తుంటే మనీష ఫోను చేసింది. “అంకుల్, పాపా నహీఁ రహే,” అంది. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట. బాధపడలేదని రెండుసార్లు చెప్పింది. సిలాసు చర్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు.

సోమవారం అలవాటుగా లక్ష్మీపతిగారి మూడో కుర్చీ మీద దుప్పటి పరిచి, ఎవరూ చూడకముందే తీసేశాడు. నెల అడిగాను, నెలైనా ఇవ్వలేదు కదా అని దేవుడి మీద కోపం వచ్చింది. కానీ ఆ మనిషిని ఇన్నాళ్లు తన చేతికి ఇచ్చినవాడూ ఆయనే. కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఆ వారంలోనే ఆ కుర్చీలోకి కొత్త పేషంటు వచ్చింది. హైమవతి సీరియలు సాగుతూనే ఉంది. గడువు తేదీ సంగతి ఆవిడ ఎత్తలేదు, సిలాసూ ఎత్తలేదు.

ఇంటద్దె కట్టే ముందు రోజు సిలాసు అందరికంటే ముందు వచ్చాడు. తన ఫోన్లో డబ్బు సిద్ధంగా ఉంచుకున్నాడు, ఎలా కట్టాలో షెరిన్ నేర్పింది. హైమవతిగారి కళ్లముందు ఆ తెర నల్లబడకూడదు. టీవీ పెట్టాడు. ఎర్రపట్టీ లేదు. యాప్ తెరుచుకుంది. అతను నమ్మలేక ఖాతా పేజీలోకి వెళ్లి, పెదాలు కదుపుతూ చదివాడు. ప్లాను ఏడాదికి మారి ఉంది. మార్చిన తేదీ, తను నెల గడి నొక్కిన ఆ రోజే. వచ్చే ఏడు చలికాలం దాకా గడువుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, ముసలాయన తన పని తాను చేసుకున్నాడన్నమాట. తనని చిన్నబుచ్చడం ఇష్టంలేక ఎదుట మాత్రం ఒప్పుకుని వెళ్లాడు. సిలాసు కళ్లు తుడుచుకున్నాడు. “మీరు గట్టివారండి,” అన్నాడు ఖాళీ గదితో.

హైమవతి వచ్చి కుర్చీలో సర్దుకుంది. టీవీ వైపు చూడకుండా అడిగింది.

“ఇవాళే కదా సిలాసూ?”

“ఇవాళేనండి.”

“ఆగిపోయిందా?”

“లేదండి. ఏడాదికి కట్టేసే వెళ్లారండి.”

ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవదీప్ సూది పట్టుకుని ఆవిడ చెయ్యి కుదురుగా నిలిచేదాకా ఆగాడు. ఏమైందని సర్దార్జీ అడిగితే సిలాసు తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఈసారి సర్దార్జీ చెవులు ముట్టుకోలేదు. తలపాగా సర్దుకుని, తెరకేసి చూస్తూ, “ముబారక్ హో, సుబేదార్ సాబ్,” అన్నాడు.

“పెట్టు నాయనా,” అంది హైమవతి, నవదీప్ వైపు చెయ్యి చాపి.

సీరియలు పాట మొదలైంది. సిలాసు తడిగుడ్డ తీసుకుని తలుపు దగ్గర చెప్పుల అర తుడవడానికి వెళ్లాడు. లక్ష్మీపతిగారు ఇంటినుంచి తెచ్చుకున్న దుప్పటీ తలగడా అన్నీ మనీష ఆయన పోయిన వారమే తీసుకెళ్లింది, పై అరలో చూడాలని ఎవరికీ తోచలేదు. గదిలోపల ఆయన వేసుకునే నీలం రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగి, రెండూ ఒక వరసలో బయటికి తిప్పి పెట్టి ఉన్నాయి.